యాత్రికుని జాలె

ఈ శతవార్షిక సంచికలో మన గుడులను గూర్చియు, మిషనెరీలను గూర్చియు వ్రాయువారు చాలమంది కలరు గనుక, మేము ఒక సంచిని గూర్చి వ్రాయుటకు సాహసించుచున్నాము.

మూడు దినముల కన్వెన్షనుకైనను మన ఇండ్లలో పరుపుచుట్ట, చెంబు, పచ్చడి సీసా లేనిదే ప్రయాణము సాగదు. మేమును వేదాంత కళాశాలలో చేరిన దినమున ఇనుప ట్రంకుపెట్టె మోయలేక స్టేషనులో కూలీని పిలిచితిమి. తీరా మొదటి వారములోనే మత్తయి సువార్త 10వ అధ్యాయము పాఠముగా వచ్చెను! ప్రభువు పన్నిద్దరిని పంపుచు జాలె వలదనెను, రెండవ అంగీ వలదనెను. మత్తయి, లూకాలలో చేతికఱ్ఱ కూడ కూడదు. మార్కులో కఱ్ఱ ఉండవచ్చును. జాలె విషయములో మాత్రము ముగ్గురిది ఒకే మాట.

ఐనను, మధ్యయుగములలో క్రైస్తవ యాత్రికుని గురుతు ఆ జాలెయే అయినది. హేరోదు ఖడ్గముతో చంపించిన యాకోబు సమాధి స్పెయిను దేశపు వాయవ్య మూలను కనబడినదని 9వ శతాబ్దములో ప్రచారము కలిగెను. ఆ స్థలమే సాంతియాగో దె కొంపోస్తెలా. నేడు ఫ్రాన్సు సరిహద్దు దగ్గరి సేంట్ జాన్ పట్టణము నుండి బయలుదేరువారు సుమారు 780 కిలోమీటర్లు నడుతురు. ఆనాటివారైతే తమ ఇంటి గడప నుండియే బయలుదేరి, తిరిగియు నడిచియే రావలెను. అందుచేత వారి సర్దుబాటు ఇంటిలోనే ఆరంభమయ్యెడిది. అప్పులు తీర్చి, వీలునామా వ్రాసి, తగవులున్నవారితో సమాధానపడి, అటుపిమ్మట గుడికి వచ్చెడివారు. గురువు ప్రార్థన చేసి జాలెను, కఱ్ఱను చేతికిచ్చెడివాడు.

సాంతియాగో గుడిలో భద్రపరచబడిన 12వ శతాబ్దపు గ్రంథము 'కోడెక్స్ కాలిక్స్తినుస్'. అందలి ఒక దీర్ఘ ప్రసంగము జాలెకు అర్థము చెప్పుచున్నది. జాలె చిన్నదిగా ఉండుట యాత్రికుడు ప్రభువుమీద ఆనుకొనుటకు గురుతు. అది చచ్చిన పశువు చర్మముతో చేయబడుట శరీరాశలను చంపుకొనుటకు గురుతు. దాని మూతికి కట్టు ఉండదు; ఉన్నది బీదలకు ఇచ్చుటకును, ఇచ్చినది పుచ్చుకొనుటకును అది తెరచియే ఉండవలెను. ఈ చివరి మాటయొద్ద మేము చాలసేపు ఆగిపోయితిమి. మూయని సంచిని మనలో ఎవరము రైలులో పట్టుకొని పోగలము?

ఆ ప్రసంగమే దారిలోని పూటకూళ్లవారి మోసములను కూడ దుయ్యబట్టుచున్నది. ఒక ద్రాక్షారసము రుచి చూపి మరియొకటి అమ్ముట, కొలతలో దగా చేయుట మొదలైనవి. చిన్న జాలెతో బయలుదేరినవాడు ఇట్టివారి చేతిలో చిక్కినట్లే గదా. ఆ భయము తీర్చినవి దారి పొడుగున వెలసిన ధర్మ సత్రములు. పిరనీసు కొండలలోని రోన్సెస్వాయెస్ సత్రము 12వ శతాబ్దములో పుట్టినదే. సంచి తేలికగా నుండుట నడచువాని ఘనత అని మేము ఒకప్పుడు తలంచితిమి. అతని రొట్టెను, పడకను మరియెవరో సిద్ధపరచిరి గనుకనే అది తేలికయైనది. మన పల్లెలలో కాలినడకన తిరిగిన ఉపదేశకులకు గంజి పోసిన తల్లుల పేర్లు ఏ రిజిష్టరులో ఉన్నవి?

యాత్రయనగానే మన ప్రొటెస్టెంటువారికి సంకోచము. అక్కడ పాతిపెట్టినది యాకోబునో, చచ్చిన కుక్కనో ఎవరికి తెలియునని లూథరు ఎగతాళి చేసెను. సమాధి విషయములో మేమును లూథరు పక్షమే. జాలెను మాత్రము పారవేయజాలము.

కాలక్రమమున ఆ దారి సన్నగిల్లెను. 1980ల ఆరంభమున ఏటికి కొన్ని వందలమందియే వచ్చుచుండగా, సెబ్రెయిరో గురువు ఎలియాస్ వాలిన్యా పసుపు రంగు బాణపు గుర్తులు వేసి త్రోవ చూపెను. 2024లో దాదాపు 5 లక్షలమంది అక్కడికి చేరిరి. సంచి బరువు తన బరువులో పదవ వంతుకు మించరాదని వారిలో వాడుక: 60 కిలోల మనిషికి 6 కిలోలు. ఒంటిమీద ఒక జత, సంచిలో ఒక జత; సాయంత్రము ఉతికి ఆరవేయుట. తక్కినదంతయు "ఒకవేళ" సామాను. ఒకవేళ చలి వేసిన, ఒకవేళ చిరిగిన, ఒకవేళ దొరకకపోయిన! మూడు నాళ్లకు పాదములు పొక్కిన తరువాత అనేకులు ఆ "ఒకవేళ"లను మూటగట్టి తపాలాలో ముందుకు పంపివేయుదురు. మందులను, వాన కోటును మాత్రము పంపివేయరాదని మా మనవి. ఆ ప్రాంతమున వానలు మెండు.

మరియొక సంగతి కూడ ఆ పాత గ్రంథములో కలదు. సాంతియాగో గుడి కట్టడము 1075లో మొదలైనది. త్రియాకస్తేలా అను ఊరిలో యాత్రికులు తలకొక సున్నపురాయి ఎత్తుకొని, అనేక దినముల నడక దూరమందున్న కస్తన్యేదా వరకు మోసెడివారట. సంచి తేలికయైనవారే ఆ రాయి మోయగలిగియుందురు. కస్తన్యేదాలో వాటిని సున్నముగా కాల్చి గుడి పనికి వాడిరి. 1211లో ఆ గుడి ప్రతిష్ఠింపబడెను.