పందెపు బాటపై పెత్తనము

నలుగురు యువకులు సైకిళ్లెక్కి, ఒక ఊరి పొలిమేరనుండి మఱియొక ఊరి పొలిమేరకు ఎవరు ముందు చేరగలరో తేల్చుకొనదలచినచో, వారికి కావలసినవి బాటయు కాలిసత్తువయు మాత్రమే యని తోచును. కాని గడచిన నూటయేబదియేండ్లుగా ఏ దేశమునందైనను ఆ నలుగురు నలుబదిమంది యగుసరికి, వారి నడుమకు ఒక సంఘము వచ్చి, ఈ పందెమునకు మా అనుమతి యున్నదా, అనుమతికి తగిన రుసుము చెల్లించితిరా యని యడుగుచునే యున్నది. ఆ ప్రశ్న న్యాయసమ్మతమా, కేవలము అధికారదర్పమా యను వివాదము నేటికిని సమసిపోలేదు. దాని మూలములను వెదకువారు ఇంగ్లండు దేశపు సైకిలు పందెముల చరిత్రను పరిశీలింపవలెను. ఏలయన, అనుమతి యనునది భయమునుండి పుట్టి, రక్షయై పెరిగి, తుదకు పెత్తనమై ముదిరిన క్రమము అక్కడ మిక్కిలి స్పష్టముగా గానవచ్చును.

1878వ సంవత్సరమున లండనులో బైసికిల్ యూనియన్ అను సంఘము ఏర్పడెను. 1883లో అదియే నేషనల్ సైక్లిస్ట్స్ యూనియన్ అను పేరు వహించెను. నాటి సైకిలుకు ముందు చక్రము మనిషి గుండెలయెత్తు, వెనుక చక్రము మిక్కిలి చిన్నది. దానినెక్కి రహదారిపై దూసికొనిపోవువానిని జూచి గుఱ్ఱములు బెదరెడివి, బండ్ల యజమానులు మండిపడెడివారు, పోలీసులు మితిమీరిన వేగమను నేరము మోపి మేజిస్ట్రేటుల యెదుట నిలువబెట్టెడివారు. ఒక్కొక్క ప్రాంతము తనకు తోచిన నిబంధనలను చేసికొనుచుండగా, సైకిలుకు బాటపై హక్కు కలదా లేదా యనునదియే సందిగ్ధముగా నుండెను. 1888లో పార్లమెంటు చేసిన స్థానిక ప్రభుత్వ చట్టము సైకిలును బండ్ల కోవలో జేర్చి, ఇతరులను దాటిపోవునపుడు గంట మ్రోగింపవలెనను షరతుతో ఆ సందిగ్ధమును దీర్చెను. ఎంతో ప్రయాసమీద లభించిన యీ హక్కు ఏ చిన్న దుర్ఘటనచేతనైనను చేజాఱిపోవునేమో యను శంక సంఘనాయకులను వీడలేదు. వారి తరువాతి చర్యలను నిందింపబూనువారు ఆ శంక నిరాధారము కాదని ముందుగా గ్రహింపవలసియున్నది.

వారు భయపడినంతయు 1894వ సంవత్సరము జూలై 21వ తేదీన జరిగెను. లండనుకు ఉత్తరమున సాగు మహామార్గముపై, నార్త్ రోడ్ క్లబ్బువారి 50 మైళ్ల పందెములో, ముగ్గురు పందెగాండ్రు గుఱ్ఱపుబండిలో పోవుచున్న ఒక స్త్రీని దాటిపోవుచుండగా గుఱ్ఱము బెదరి, బండియు పందెగాండ్రును కలసి ప్రక్కనున్న గుంటలో పడిరి. ఆమె పోలీసులకు ఫిర్యాదు చేసెను. పందెగాండ్రను దండించుట యటుండ, సైకిలు పందెములను సమూలముగా మాన్పింపవలెనను మాట పుట్టెను. యూనియన్ వారు పిడుగు తమ నెత్తిని పడకముందే తామే తప్పుకొనదలచి, రహదారులపై పందెములను వెలివేసి, పోటీలను ట్రాకులకు పరిమితము చేసిరి. ప్రభుత్వము ఇంకను చేయని నిషేధమును, ప్రభుత్వము చేయునేమో యను భయముచేత, సంఘమే తన సభ్యులపై విధించెను. తరువాతి యేబదియేండ్ల చరిత్రకంతటికిని మూలము ఈ ఒక్క విషయము.

ఆ గుంటలో పడిన ముగ్గురిలో మూడుచక్రముల సైకిలుపై నున్నవాడు ఫ్రెడరిక్ థామస్ బిడ్లేక్. పందెమును పోనీయక, చిక్కు తెచ్చుకొనక, నడిమార్గము కనిపెట్టినవాడును అతడే. 1895 అక్టోబరు 5వ తేదీన నార్త్ రోడ్ క్లబ్బువారు అతని పద్ధతిని అనుసరించి మొదటి టైమ్ ట్రయల్ నడిపిరి. అందు పందెగాండ్రు ఒక్కుమ్మడిగా బయలుదేరరు. కొంత వ్యవధి విడిచి ఒక్కొక్కరుగా బయలుదేరి, ఒంటరిగా తొక్కి, గడియారముతో పోరాడవలెను. ముందు పోవువానిని అందుకొన్నను వాని వెనుక గాలిచాటున తొక్కరాదు. లోకము మేలుకొనకముందే, తెల్లవారుజామున, ఊరికి దూరముగా ఒక మైలురాయి చెంత వారు చేరెడివారు. నల్లని ఆల్పకా కోటు, మడమలవరకు దిగిన నల్లని బిగుతు లాగు ధరించి, తాము పందెమునకు వచ్చినట్లు దారిపోవు పాలబండివానికైనను తెలియకుండునట్లు మెలగెడివారు. బాటలకు అక్షరములతోను అంకెలతోను సంకేతనామములు పెట్టి, పందెపు కాగితములపై రహస్యమని ముద్రించి సభ్యులకు మాత్రమే పంచెడివారు. ప్రపంచమున చూపరులు రాకుండుటకై ఇంత శ్రమపడిన క్రీడ మఱియొకటి కలదో లేదో! ఈ గుప్తాచారమును పరిపాలించుటకు 1922లో రోడ్ రేసింగ్ కౌన్సిల్ ఏర్పడి, 1937లో రోడ్ టైమ్ ట్రయల్స్ కౌన్సిల్‌గా స్థిరపడెను.

ఇంతలో సముద్రమునకు ఆవలియొడ్డున కథ వేరుగా నడచుచుండెను. ఫ్రాన్సు, బెల్జియము, ఇటలీ దేశములలో వార్తాపత్రికలే పందెములు నడిపి, ఊరూరను జనమును బాటప్రక్కకు రప్పించి, తమ ప్రతులను అమ్ముకొనుచుండెను. 1903లో టూర్ ద ఫ్రాన్స్ పుట్టినది ఇట్లే. అంతర్జాతీయ సంఘములోను ఇంగ్లండు పలుకుబడి తగ్గిపోయెను. 1892లో ఆంగ్లేయుల చొరవతో లండనులో ఏర్పడిన మొదటి అంతర్జాతీయ సంఘమున ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండులు వేర్వేరు ఓట్లు కలిగియుండుట ఇతరులకు కంటకమై, 1900 ఏప్రిల్ 14వ తేదీన పారిస్‌లో ఫ్రాన్సు, బెల్జియము, ఇటలీ, స్విట్జర్లండు, అమెరికాలు కలసి యూనియన్ సైక్లిస్ట్ ఇంటర్నేషనల్ అను నూతన సంఘమును స్థాపించెను. దేశమునకొక్క సంఘము, ఆ సంఘము గుర్తించిన పందెమే పందెము, ఆ సంఘము లైసెన్సు ఇచ్చినవాడే పందెగాడు అను కట్టుబాటు అందుండి బలపడెను. నేటికిని జాతీయ సమాఖ్యల అధికారమంతయు ఈ గొలుసుకట్టునుండి వచ్చినదే.

అమెరికాలో అనుమతి యధికారము మఱియొక వికృతరూపము దాల్చెను. 1880లో పుట్టిన లీగ్ ఆఫ్ అమెరికన్ వీల్‌మెన్ 1894లో నల్లజాతివారికి సభ్యత్వము లేదని తీర్మానించెను. పిమ్మట ఆదివారపు పందెములను ఆ లీగు అంగీకరింపమి మొదలగు కారణములచేత, 1898లో వృత్తి పందెగాండ్రు పలువురు చీలిపోయి నేషనల్ సైక్లింగ్ అసోసియేషన్ అను వేఱుకుంపటి పెట్టుకొనిరి. నల్లజాతివాడైన మేజర్ టేలర్ అను మహావీరుడు మతనిష్ఠచేత ఆదివారము పందెమాడనివాడు గావున పాత లీగు పక్షమున నిలిచి, 1899లో మాంట్రియల్‌లో ప్రపంచవిజేత యయ్యెను. కాని చీలిపోయిన సంఘములోని ప్రసిద్ధులు ఆ పోటీకి రానందున అతని గెలుపునకు విలువ లేదని ప్రత్యర్థులు దెప్పిపొడిచిరి. మరుసటి యేడు పాత లీగు పందెముల పాలనమునే వదలుకొనగా, అతడు జరిమానా చెల్లించి నూతన సంఘము గడప త్రొక్కవలసివచ్చెను. రెండు సంఘములు పెత్తనమునకై పెనగులాడినపుడు చివరకు మూల్యము చెల్లించువాడు పందెగాడే.

తిరిగి ఇంగ్లండుకు వత్తము. 1909లో జన్మించిన వుల్వర్‌హాంప్టన్ నివాసి పెర్సీ స్టాలర్డ్ 1933లో ఫ్రాన్సు దేశపు మోంట్లెరీలోను, 1934లో జర్మనీ దేశపు లైప్‌జిగ్‌లోను ప్రపంచపోటీలలో పాల్గొని, అందఱును ఒక్కుమ్మడిగా బయలుదేరు పందెములోని ఉత్సాహమును, ఎత్తుగడలను స్వయముగా చవిచూచెను. స్వదేశమున అట్టి పందెములు బ్రూక్‌లండ్స్ వంటి మోటారు పందెపు ట్రాకులపైనను, 1936 మొదలుకొని ఐల్ ఆఫ్ మాన్ ద్వీపమునను తప్ప జరుగుటకు యూనియన్ సమ్మతింపలేదు. ద్వితీయ ప్రపంచయుద్ధము వచ్చి, పెట్రోలు కరవై, మోటారుబండ్లు మూలబడి, రహదారులు బోసిపోయెను. ఇంతకంటె అనువైన సమయము మఱి రాదని స్టాలర్డ్ 1941 డిసెంబరులో యూనియన్ వారికి ఉత్తరము వ్రాసెను. వారు త్రోసిపుచ్చిరి. ఆనాటికిని వారి మనస్సులలో 1894నాటి గుఱ్ఱము బెదరుచునే యుండెను. కాని బాటపై గుఱ్ఱములు అంతకు పూర్వమే అరుదైపోయినవి.

స్టాలర్డ్ వాదము సులభమైనది: పందెమును నిషేధించు చట్టమేదియు దేశమున లేదు, నిషేధించుచున్నది సంఘమే, కావున అడుగవలసినది సంఘమును గాదు, పోలీసులను. అతడు పోలీసు అధికారులను దర్శింపగా, యాబదియేండ్లుగా సంఘమువారు ఎవరిని తలచుకొని గడగడలాడిరో ఆ పోలీసులే అభ్యంతరము చెప్పక సహాయము చేయుటకు ఒప్పుకొనిరి! స్థానికపత్రికయైన ఎక్స్‌ప్రెస్ అండ్ స్టార్ ఆ పందెమును పోషించెను. మిగులు సొమ్ము సైనికుల సహాయనిధికి చేరవలెనని నిర్ణయమయ్యెను. 1942 జూన్ 7వ తేదీన వేల్స్ దేశపు లాంగోలెన్ నుండి వుల్వర్‌హాంప్టన్ వరకు 59 మైళ్ల దూరము ఆ పందెము నడచెను. 40 మందికి ఆహ్వానము పోగా, 15 మంది గమ్యము చేరిరి. వెస్ట్ పార్కు కడ వేయిమందికి పైగా జనము చూచుచుండగా స్థానికుడైన ఆల్బర్ట్ ప్రైస్ గెలిచెను. గుఱ్ఱమేదియు బెదరలేదు, ఎవరును ఫిర్యాదు చేయలేదు. యూనియన్ మాత్రము స్టాలర్డ్‌ను, అతనితో గూడినవారిని నిరవధికముగా బహిష్కరించెను.

బహిష్కృతులు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. అదే సంవత్సరము నవంబరులో బక్స్‌టన్ పట్టణమున వారు పెట్టుకొన్న ప్రాంతీయ లీగులన్నియు కలసి బ్రిటిష్ లీగ్ ఆఫ్ రేసింగ్ సైక్లిస్ట్స్ అను పేర నిలిచెను. ఈ లీగు పందెములలో ఒకసారి పాల్గొన్నవానికి యూనియన్ ట్రాకుపైనను, టైమ్ ట్రయల్స్ కౌన్సిల్ బాటపైనను చోటులేదు. ఏకక్లబ్బువారు ఒకరితోనొకరు మాటలాడుట మానివేసిన సందర్భములు గలవు. లీగువారు నల్లకోటులను పారవైచి, ఫ్రెంచి పందెగాండ్రవలె రంగురంగుల జెర్సీలు తొడిగి, బాటపై ఎదురైనపుడు లీగుకు జయమని కేకవేసికొనెడివారు. 1945లో వారు నడిపిన బ్రైటన్–గ్లాస్గో పందెమున ఫ్రెంచివాడు రాబెర్ బాటో గెలిచెను. ఆ సంప్రదాయమే పెరిగి 1951లో డెయిలీ ఎక్స్‌ప్రెస్ పత్రిక పోషణమున టూర్ ఆఫ్ బ్రిటన్ అయ్యెను. దాని విజేత ఇయాన్ స్టీల్ మరుసటి యేడు వార్సా, బెర్లిన్, ప్రాగ్ నగరములను కలుపు శాంతిపందెమును గెలిచి, వెలివేయబడినవారి పందెములలోనే దేశమునకు కీర్తి దెచ్చు పందెగాండ్రు తయారగుచున్నారని నిరూపించెను. యూనియన్‌కును అట్టి పందెములకు అనుమతి ఈయక తప్పలేదు. 1959లో ఇరుపక్షములును కలసి బ్రిటిష్ సైక్లింగ్ ఫెడరేషన్ ఏర్పడెను. 1960లో ప్రభుత్వము రహదారి పందెములకు నిబంధనలు చేసి, వానిని చట్టబద్ధముగా అంగీకరించెను. యూనియన్ అరువదియేండ్లు భయపడిన ప్రభుత్వజోక్యము తుదకు నిషేధరూపమున గాక అంగీకారరూపమున వచ్చెను.

ఇంతమాత్రముచేత లీగువారందఱును స్వాతంత్ర్యమూర్తులని భావింపరాదు. వారును లైసెన్సులు ఇచ్చిరి, నిబంధనలు వ్రాసిరి, తమలో తాము తగవులాడుకొని సభ్యులను వెలివేసిరి. స్టాలర్డ్ సైతము తాను పుట్టించిన లీగుచేతనే ఒకప్పుడు బహిష్కృతుడయ్యెను. 1959నాటి సంధిని అతడు ద్రోహముగానే యెంచెను. అనుమతి నడుగుట సహింపనివాడు అనుమతి నిచ్చు స్థానమున కూర్చుండగనే పాతవారి భాషయే మాటలాడుట మానవస్వభావము కాబోలు.

రుసుముల వివాదము ఈ అనుమతి వివాదమునకు సోదరియే. నేటి అమెరికాలో జాతీయ సమాఖ్య గుర్తింపు కోరువాడు పందెమునకు పర్మిట్ రుసుమును, పందెగాండ్ర లెక్కనుబట్టి బీమా రుసుమును చెల్లించును. పందెగాడు సాలుసరి లైసెన్సో, ఒక్కనాటి లైసెన్సో కొనును. ఆరెగాన్ రాష్ట్రమువారు తమ లైసెన్సు, తమ బీమా, తమ న్యాయనిర్ణేతలు తమకుండగా వేఱొక సమాఖ్య యెందులకని స్వతంత్రముగా పందెములు నడుపుకొనుచుండిరి. కొండబాటలపై పందెములు నడుపువారు పలువురు అట్లే చేయుచుండిరి. అంతర్జాతీయ సంఘపు నిబంధనలలో 1.2.019 అను సంఖ్య గల ఒక నియమము కలదు: గుర్తింపులేని పందెములో లైసెన్సుదారు ఎవడును పాల్గొనరాదు. అతిక్రమించినవానికి ఒక నెల బహిష్కారము, 50 మొదలు 100 స్విస్ ఫ్రాంకుల వరకు జరిమానా. ఏండ్ల తరబడి కాగితములపై నిద్రించిన యీ నియమమును 2013లో అమెరికా సమాఖ్య అమలుపరుపబూనగా, వారాంతమున కష్టమైన పెద్దపందెములాడి, వారము నడుమ సాయంకాలమున తన ఊరి చిన్నపందెమునకు సరదాగా పోవు వృత్తి పందెగాడు అపరాధి యగు పరిస్థితి యేర్పడెను. నిరసన మిన్నుముట్టుటచేత ఆ సంవత్సరమునకు అమలు వాయిదాపడెను. ఇట్టి తగవే స్కేటింగు క్రీడలో న్యాయస్థానమునకెక్కగా, 2023 డిసెంబరు 21వ తేదీన ఐరోపా యూనియన్ ఉన్నతన్యాయస్థానము, ఇతరులు నడుపు పోటీలలో పాల్గొన్నవారిని కఠినముగా దండించు అంతర్జాతీయ స్కేటింగ్ సంఘపు నియమములు పోటీ చట్టమునకు విరుద్ధములని తీర్పు చెప్పెను.

మన పల్లెసంతలలో ఆశీలు వసూలుచేయుట యెఱుగనివారు లేరు. సంతమైదానమును ఊడ్పించి, నీరు పెట్టించి, తగవులు తీర్చువాడు ఆశీలు కోరిన ఎవరును కాదనరు. ఊరిలో తన యింటి యరుగుపై వంకాయలు అమ్ముకొనువానినికూడ ఆశీలు కట్టుమని నిలదీసినపుడు తగవు పుట్టును. సమాఖ్యలు చేయు పనులు అల్పములు కావు: బీమా చేయించుట, న్యాయనిర్ణేతలను తయారుచేయుట, నిషిద్ధ ఔషధముల పరీక్షలు జరిపించుట, ఒకేదినమున రెండు పందెములు ఢీకొనకుండ పట్టిక కూర్చుట. వీనికి సొమ్ము కావలెను, సొమ్ము రుసుమునుండియే రావలెను. ఈ సేవలు మంచివైనచో పందెములు నడుపువారు కొనితీరుదురు. కొననివానిని దండించుటకు నిబంధన వ్రాయవలసివచ్చినదన్నచో, ఆ సేవయందు సంఘమునకే నమ్మకము లేదన్నమాట. యూనియన్‌వారు 1942లో బహిష్కారపత్రములు వ్రాయుటకు వెచ్చించిన శ్రమను పోలీసులతో మాటలాడుటకు వెచ్చించియున్నచో, పదునేడేండ్ల అంతఃకలహము తప్పియుండెడిది. అదియే మాటను నేటి సమాఖ్యలకును చెప్పవచ్చును.