జిల్లా పంచాయతీ ఎన్నికలు: ఆగిన మన ఓటు

కోలారు జిల్లాలో మనం తాలూకా, జిల్లా పంచాయతీలకు ఓటు వేసింది 2016 ఫిబ్రవరిలో. ఐదేళ్ల గడువు ముగిసేలోపే మళ్లీ ఎన్నిక జరగాలని రాజ్యాంగం 243ఈ అధికరణం చెబుతోంది. 2021లో గడువు ముగిసింది, ఎన్నిక జరగలేదు. నియోజకవర్గాల పునర్విభజన పనిని రాష్ట్ర ఎన్నికల సంఘం నుంచి వేరే కమిషన్‌కు మార్చారు. సభ్యుల స్థానంలో అధికారుల పాలన వచ్చింది. 2023లో ప్రభుత్వం మారింది. ఆ ఏడాదీ, మరుసటి ఏడాదీ ఎన్నిక రాలేదు.

2021 జనవరి 6న అమెరికాలో ఓటమి ఒప్పుకోని గుంపు పార్లమెంటు భవనంలోకి చొరబడింది. అది ప్రపంచమంతా చూసింది. ఇక్కడిది చప్పుడు లేని నష్టం. నరసాపురంలో మనం ఏ పార్టీ వాళ్లమైనా, ఎన్నిక తేదీని కలిసే అడగాలి.