వాలు

గ్రాఫులో గీత ఎంత ఒరిగిందో చెప్పడానికి తెలుగు గణిత పుస్తకాలు ఎంచుకున్న మాట వాలు. పుస్తకాల కోసం పుట్టించింది కాదు. పెంకుటింటి కప్పుకూ, వాలుకుర్చీకీ, వాలుచూపుకూ ఉన్నదే. పొద్దు వాలుతుంది, పిట్ట వాలుతుంది. అన్నిటా దిగడమే కదా, పైకెక్కే గీతకు ఇది నప్పుతుందా అనవచ్చు. వాలుచూపు దిగదు, పక్కకు పోతుంది. ఒకే కప్పు చూరు నుంచి ఎక్కుడు, కొప్పు నుంచి దిగుడు. ఆ తేడా చెప్పడానికి ధన, రుణ గుర్తులున్నాయి.

అసలు చిక్కు వేరే. వాలు కంటికి ఆనే మాట, అది కొలిచే మార్పు రేటు లెక్కకు అందేది. ఖాళీ ట్యాంకులోకి సమంగా నీళ్లు పారి 5 నిమిషాల్లో 100 లీటర్లు చేరితే, కాలంతో నీరు పెరగడాన్ని చూపే గీత వాలు నిమిషానికి 20 లీటర్లు. నిలువు అక్షం స్కేలు మారిస్తే అదే గీత నిటారుగానో చదునుగానో కనిపిస్తుంది. 20 మాత్రం కదలదు. పిల్లలు తడబడేది ఇక్కడే. వాలుకు ఇంగ్లీషు మాటైన గ్రేడియంట్ వెనుక అడుగు అనే అర్థమున్న లాటిన్ మాట ఉంది: ఒక్కడుగు పక్కకు వేస్తే ఎంత పైకి? వాలు ఈ ప్రశ్న అడగదు, టీచరే అడగాలి. అయినా వాలే మేలు. దానికి బదులు వంపు అంటే గీత వంకర పోతుంది. వాలినది తిన్నగానే ఉంటుంది.