మీ ముత్తాత పేరు మీకు ఎవరు చెప్పారు? ఫ్యామిలీ ట్రీలో ‘సోర్స్’ గడి కథ

ఫ్యామిలీ ట్రీ సాఫ్ట్‌వేర్ ఏది తెరిచినా పేరు, పుట్టిన తేదీ, ఊరు అని గడులుంటాయి. వాటి పక్కనే ఎవరూ పట్టించుకోని గడి ఇంకోటి ఉంటుంది. దాని పేరు సోర్స్. అంటే ఈ సంగతి మీకెలా తెలుసు, ఎవరు చెప్పారు, ఏ కాగితంలో చూశారు అని. మనలో చాలామంది దాన్ని ఖాళీగా వదిలేసి తర్వాతి తాతగారి దగ్గరికి వెళ్లిపోతాం. ఇవాళ్టి ఎపిసోడ్ ఆ ఖాళీ గడి గురించే. బోర్ కొడుతుందేమో అనుకోకండి, ఇందులో సముద్రాలు దాటిన ఓడ కూడా ఉంది.

ముందు మా ఇంటి కథ. మా అమ్మ పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టిన తేదీ 1977 జూన్ 1. మా అమ్మమ్మని అడిగితే, “ఉప్పెన వచ్చినప్పుడు మీ అమ్మ మూడు నెలల పిల్లరా, ఒళ్లో పెట్టుకుని మిద్దె మీదే రాత్రంతా కూర్చున్నాం” అంటుంది. దివిసీమ ఉప్పెన వచ్చింది 1977 నవంబర్ 19న. వెనక్కి లెక్కేస్తే అమ్మ పుట్టింది ఆగస్టులో. మరి జూన్ ఎక్కడిది? బడిలో చేర్చేటప్పుడు ఐదేళ్లు నిండాలి కదా, మాస్టారు లెక్క సరిపోయేలా ఒక తేదీ వేసేశారు. మీ ఇంట్లో పెద్దవాళ్ల సర్టిఫికెట్లు తీసి చూడండి, జూన్, జూలై తేదీలు ఎన్ని కనిపిస్తాయో!

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఏమంటుందో చూద్దాం. వంశవృక్షం ఫైళ్లని ఒక ప్రోగ్రాం నుంచి ఇంకో దాంట్లోకి పంపడానికి గెడ్‌కామ్ అనే ఫార్మాట్ ఉంది. 1984లో మొదలైంది. తయారు చేసింది అమెరికాలోని మార్మన్ చర్చి. 2021లో 7.0 వెర్షన్ వచ్చింది. అందులో ప్రతి సోర్స్‌కీ నమ్మకం మార్కులు వేసే చోటుంది, సున్నా నుంచి మూడు దాకా. సున్నా అంటే నమ్మలేం, లేదా ఉజ్జాయింపు. రెండు అంటే సంఘటన తర్వాత ఎప్పుడో అధికారికంగా రాసినది. మూడు అంటే ప్రత్యక్ష సాక్ష్యం. ఒకటి అంటే ‘అనుమానించాల్సినది’. ఆ ఒకటికి వాళ్లిచ్చిన ఉదాహరణల్లో ఇంటర్వ్యూలు, నోటి మాటగా వచ్చిన వంశావళులు ఉన్నాయి.

అంటే ఆ లెక్కన మాస్టారి జూన్ 1కి రెండు మార్కులు, ఒళ్లో పిల్లతో మిద్దెక్కిన అమ్మమ్మకి ఒకటి.

ఇది నాకు మింగుడు పడలేదు. ఈ స్కేల్ రాసినవాళ్ల మనసులో ఉన్నది చర్చి రిజిస్టర్లున్న ఊళ్లు. పిల్ల పుట్టిన కొన్నాళ్లకే బాప్తిజం, ఆ రోజే పుస్తకంలో ఎంట్రీ. మన దగ్గర అలా కాదు. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చినా ఇంట్లో పుట్టిన పిల్లల పేర్లు ఏ రిజిస్టరులోనూ ఎక్కకుండా పోవడం మామూలే. మనకి చాలాసార్లు కాగితమే సెకండ్‌హ్యాండ్, మనిషే ఒరిజినల్.

ఈ చిక్కుని బాగా విడదీసింది ఎలిజబెత్ షోన్ మిల్స్ అనే అమెరికన్ వంశ చరిత్రకారిణి. ‘ఎవిడెన్స్ ఎక్స్‌ప్లెయిన్డ్’ అనే లావుపాటి పుస్తకం ఆమెదే, 2007లో వచ్చింది. ఆమె పద్ధతిలో కాగితం వేరు, అందులోని సమాచారం వేరు. కాగితం ఒరిజినల్ కావచ్చు, నకలు కావచ్చు. సమాచారం మాత్రం చెప్పిన మనిషిని బట్టి ఉంటుంది. ఆ మనిషి కళ్లారా చూశాడా, విని చెప్పాడా? ఇలా చూస్తే అమ్మ పుట్టుక గురించి అమ్మమ్మ మాట ఫస్ట్‌హ్యాండ్ సమాచారం. సర్టిఫికెట్ ఎంత ఒరిజినల్ కాగితమైనా అందులో ఉన్నది మాస్టారి అంచనా.

సరే, ఓడ దగ్గరికి వద్దాం. 1860 నవంబర్ 16న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ రేవుకి చేరింది. చెరకు తోటల్లో ఐదేళ్ల ఒప్పందం మీద పనికి వెళ్లిన కూలీలు అందులో ఉన్నారు. 1911 దాకా అలా నాటాల్‌కి వెళ్లినవాళ్లు లక్షా యాభై వేలకు పైనే. వాళ్లలో ఎక్కువమంది ఎక్కింది మద్రాసులోనే. విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల నుంచి మన తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. ఓడ దిగిన ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు రిజిస్టర్లలో రాశారు. ఇవాళ డర్బన్‌లో ఉన్న ఏ నాయుడు గారి మనవరాలైనా తన ఊరు వెతకాలంటే ఆ వరుస దగ్గరికి రావాల్సిందే.

ఆ వరుస ఎలా తయారైందో ఒక్కసారి ఊహించండి. ఒకాయన తెలుగులో ఊరు పేరు చెప్పాడు. గుమస్తా విన్నంత మేరకు ఇంగ్లిష్ అక్షరాల్లో రాశాడు. ఇంగ్లిష్‌లో ‘ట’కీ ‘త’కీ ఒకటే అక్షరం. అది కోటపల్లా, కొత్తపల్లా? కొత్తపల్లులు మనకి జిల్లాకి ఎన్ని! తాలూకా గడి చూడకుండా ఊరు ఒక్కటే కాపీ చేసుకుంటే, వేల కిలోమీటర్లు ఎగిరొచ్చి వేరే కొత్తపల్లి మట్టిని కళ్లకద్దుకుని వెళ్లిపోతారు.

కాబట్టి రిజిస్టరు ఒక్కటే అయినా మార్కులు ఒకటే కాదు. ఓడ పేరు, దిగిన తేదీ, నంబరు ఆ ఆఫీసు స్వయంగా రాసుకున్నవి, వాటికి నేను ఎక్కువే వేస్తాను. వయసు చూపు అంచనా. ఊరు చెవి అంచనా. అందుకే సైటేషన్ అనేది మనిషికి కాదు, ఒక్కో సంగతికి కట్టాలి.

గ్రాంప్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈ పని బాగా కుదురుతుంది. అందులో రిపాజిటరీ అంటే కాగితం దొరికే చోటు, ఇక్కడైతే డర్బన్‌లోని ఆర్కైవ్స్. సోర్స్ అంటే ఆ రిజిస్టరు. సైటేషన్ అంటే అందులో ఏ నంబరు, ఏ వరుస, ఎంత నమ్మకం అన్నది. అసలు రిజిస్టరు కాకుండా దాన్నుంచి టైప్ చేసిన డేటాబేస్ చూశారా? అయితే డేటాబేస్ అనే రాయండి, చూడని దాన్ని చూసినట్టు రాయకండి. స్పెల్లింగ్ ఎలా ఉందో అలాగే నోట్‌లో పెట్టి, అది ఏ ఊరని మీరనుకుంటున్నారో వేరేగా రాయండి. మా అమ్మకైతే పుట్టుకని రెండుసార్లు ఎక్కించాను. ‘1977 ఆగస్టు ప్రాంతం’కి సోర్స్ అమ్మమ్మ ఆడియో, రికార్డ్ చేసిన తేదీతో సహా. ‘1977 జూన్ 1’కి సోర్స్ సర్టిఫికెట్. రెండోదాన్ని డిలీట్ చెయ్యను, ఆధార్, పాస్‌పోర్ట్ అన్నీ దాని మీదే నడుస్తున్నాయి మరి!

ఇదంతా తెల్లవాళ్ల చాదస్తం అనుకుంటున్నారా? కల్నల్ మెకంజీ కోసం కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఊరూరా కైఫీయత్తులు సేకరించి రెండొందల ఏళ్లు దాటింది. వాటిలో చాలా భాగం ఊరి కరణాలు చెప్పి రాయించినవే. తర్వాత ఆ కాగితాలు పాడైపోతుంటే సి.పి. బ్రౌన్ నకళ్లు రాయించాడు. ఇప్పుడు మీరు ఒక కైఫీయత్తు చదివితే ముందు రెండు సంగతులు అడగాలి: ఇది మెకంజీ కాలపు ప్రతా, బ్రౌన్ నకలా? మూడొందల ఏళ్ల కిందటి రాజు గురించి చెప్పిన కరణానికి అది ఎలా తెలుసు?

ఈ గడి విలువ ఒక్కోసారి వీసా ఆఫీసులో కూడా తెలుస్తుంది. 2024 మార్చిలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము మారిషస్ వెళ్లినప్పుడు, అక్కడి భారత సంతతివాళ్లకి ఏడో తరం దాకా ఓసీఐ కార్డుకి అర్హత ఉంటుందని ప్రకటించారు. ఏడు తరాల సంబంధాన్ని ‘మా ఇంట్లో అనుకుంటారు’ అని చూపించలేం. మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్న వలస రికార్డుల్లో ఏ నంబరు మనిషి మీ పూర్వీకుడో, అతని తర్వాత ఒక్కో తరానికీ ఏ కాగితం ఉందో చూపించాలి. ఒక్క లంకె ఎవరో పెట్టిన ఆన్‌లైన్ ట్రీ నుంచి కాపీ కొట్టిందైతే అక్కడే ఆగిపోతారు. ఒకే మాట ఐదు ట్రీలలో కనిపించినా ఐదు సాక్ష్యాలు కాదండీ, ఒకే వాట్సాప్ ఫార్వర్డ్ ఐదు గ్రూపుల్లోంచి వచ్చినట్టు.

ఇంకో టెక్నికల్ మాట. గ్రాంప్స్‌లో నమ్మకానికి ఐదు స్థాయిలు, గెడ్‌కామ్‌లో నాలుగే. ఎక్స్‌పోర్ట్ చేస్తే మీరు వేసిన మార్కులు ఉన్నవి ఉన్నట్టు రావు. అందుకే ఎందుకు నమ్ముతున్నారో ఒక వాక్యం తెలుగులో నోట్‌లో రాసి పెట్టండి. బతికున్నవాళ్ల వివరాలు ప్రైవేట్‌లో ఉంచండి.

వచ్చే ఎపిసోడ్‌లో పహాణీ, అడంగల్ కాగితాల్లో తాతల పేర్లు ఎలా వెతకాలో చూద్దాం. ఈలోపు ఇంట్లో పెద్దవాళ్లుంటే ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి, ముందు ఇవాళ్టి తేదీ, వాళ్ల పేరు చెప్పించండి. ఆ తర్వాత ఉప్పెన రాత్రి గురించి అడగండి.