డిమెన్షియా సంరక్షణలో వృత్తి సంరక్షకుల మనోభారం: చారిత్రక పరిశీలన (1960–1997)

ఉపోద్ఘాతం:
డిమెన్షియా చరిత్ర ప్రధానంగా వైద్యుల చరిత్రగానే లిఖితమైంది. 1906లో ఆలోయిస్ ఆల్జైమర్ ట్యూబింగెన్ సభలో తన రోగి వివరాలను సమర్పించారు. కాలక్రమంలో మెదడులోని మార్పులపై పరిశోధన విస్తరించింది. రోగులకు స్నానం చేయించి, ఆహారం తినిపించి, ఒకే ప్రశ్నకు పదేపదే బదులిచ్చిన సంరక్షకుల మనఃస్థితి మాత్రం చాలాకాలం మరుగునే ఉండిపోయింది. బ్రిటన్‌లో ఈ విషయం చర్చకు వచ్చిన క్రమాన్ని వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

దూరమే కవచం:
1960లో మనోవిశ్లేషకురాలు ఇసబెల్ మెంజీస్ లండన్‌లోని ఒక బోధనాసుపత్రి నర్సింగ్ వ్యవస్థపై అధ్యయనం ప్రచురించారు. అది డిమెన్షియా వార్డులకు సంబంధించినది కాకపోయినా ఈ చర్చకు కీలకమైనది. అక్కడ నర్సు ఒకే రోగిని పూర్తిగా చూసుకోక, అనేకులకు తలా ఒక పని చేసేది. రోగిని పేరుతో కాక మంచం సంఖ్యతోనో, జబ్బుపడిన అవయవంతోనో ప్రస్తావించేవారు. వార్డులు తరచుగా మార్చేవారు. బాధ, మరణాల సాన్నిధ్యం రేపే ఆందోళన నుండి తప్పించుకోవడానికి సంస్థ అల్లుకున్న కవచాలే ఇవి అని ఆమె ప్రతిపాదించారు. అయితే ఆ కవచం ఆందోళనను తొలగించలేదు. సేవలోని తృప్తిని హరించింది. శిక్షణార్థులలో సుమారు మూడోవంతు మంది మధ్యలోనే వైదొలగారు.

భావశ్రమ:
1983లో అమెరికన్ సామాజికవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ విమాన పరిచారికలను అధ్యయనం చేసి, జీతం కోసం భావాలను మలచుకోవడాన్ని శ్రమగా గుర్తించారు. 1992లో పామ్ స్మిత్ ఈ భావనను బ్రిటిష్ నర్సింగుకు అన్వయించారు. దీనితో చిరునవ్వు, ఓర్పు అనేవి స్వభావసిద్ధ గుణాలన్న అభిప్రాయం సడలి, అవి కూడా శక్తిని వ్యయం చేసే పనులేనన్న స్పృహ కలిగింది.

కిట్‌వుడ్ దృక్పథం:
బ్రాడ్‌ఫర్డ్‌కు చెందిన టామ్ కిట్‌వుడ్ 1997లో ‘డిమెన్షియా రీకన్సిడర్డ్’ గ్రంథాన్ని వెలువరించారు. రోగిని పసివానిగా చూడటం, మోసపుచ్చడం, ఎదుట ఉన్నా లేనట్టే ప్రవర్తించడం వంటివి రోగి వ్యక్తిత్వాన్ని క్షీణింపజేస్తాయని వివరించారు. ఇందులో సంరక్షకుల దురుద్దేశం లేదని కూడా స్పష్టం చేశారు. ఎదుటివారిలో తమ వార్ధక్యాన్ని, పరాధీనతను, మతిభ్రంశాన్ని చూసుకొనే భయం సంరక్షకులను దూరం జరుపుతుందన్నది ఆయన భావన. సిబ్బంది వ్యక్తిత్వాన్ని గౌరవించని సంస్థ, రోగి వ్యక్తిత్వాన్ని నిలపలేదని ఆయన వాదం.

ముగింపు:
దూరం పాటించడం నుండి దగ్గర కావడం వైపు సాగిన ఈ మార్పు రోగికి మేలు చేసింది. కానీ పాత కవచాన్ని తొలగించిన చోట సంరక్షకునికి కొత్త ఆసరా కల్పించకపోతే, సంస్థ మోయవలసిన భారం వ్యక్తి హృదయంపై పడుతుంది. తెలుగునాట ఇళ్లలో ఒంటరిగా పనిచేసే ఆయాలకు, కేర్‌టేకర్లకు వార్డూ లేదు, బాధ పంచుకొనే సహోద్యోగీ లేరు. వారి అనుభవాలను నమోదు చేయడం భావి పరిశోధకుల కర్తవ్యం.