ఉద్దానం జీడిబస్తాలు, బండి మైలేజీ

ఉద్దానం తోటల జీడిపిక్కలు ఒకప్పుడు ఎడ్లబండ్ల మీద పలాస చేరేవి. 2005లో టాటా ఏస్ వచ్చాక ఆ మోతలో కొంత చిన్న ట్రక్కులకు మారింది. రెండు సిలిండర్ల డీజిల్ ఇంజిన్ ఉన్న ఆ బండి మోయగలిగింది సుమారు 750 కిలోలు. పలాస లెక్కన 80 కిలోల బస్తాలు తొమ్మిది వేస్తే 720 కిలోలు. పదో బస్తా పడగానే వెనక పట్టీలు మరింత అణుగుతాయి, టైర్లు రోడ్డును ఇంకా గట్టిగా ఒత్తుకుంటాయి. ఆగి ఆగి కదిలే ఊరి దారుల్లో ప్రతిసారీ ఆ బరువునంతా కొత్తగా లాగాలి, అసలు డీజిల్ పోయేది అక్కడే.

బరువుతో పాటు చలి కూడా మైలేజీని కొంత తగ్గిస్తుంది. పుష్యమాసపు వేకువన ఇంజిన్ ఆయిల్ చిక్కబడుతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పడిపోతే టైర్లలో గాలి దాదాపు రెండు పాయింట్లు తగ్గుతుంది. అయినా హిమం కురిసే దేశాల చలి కాదిది. ఇంజిన్ త్వరగానే వేడెక్కుతుంది. ఇక్కడ మైలేజీని తినేది ప్రధానంగా బరువే.