లేసు ఖరీదెంత? అల్లిన చేతికి దక్కిందెంత?

ఈ రోజు మన గోదావరి లేసు చరిత్ర చెప్పుకుందాం. మాది కపిలేశ్వరపురం. కోనసీమకి ఒక పక్క మా గౌతమి, ఇంకో పక్క వశిష్ఠ. రాజోలు వైపు నుంచి వశిష్ఠ దాటితే నరసాపురం. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు సన్నటి సూదితో అల్లిన లేసు యూరప్, అమెరికాల్లో ఖరీదైన బల్లగుడ్డ అవుతుంది.

ఈ పని 19వ శతాబ్దంలో వచ్చింది. స్కాట్లండ్ మిషనరీలు మెక్రే దంపతులు, క్రైస్తవంలో చేరిన పేద ఆడవాళ్లకి నేర్పారు. తర్వాత వ్యాపారులు దిగారు. బయట పనికెళ్తే పరువు తక్కువనుకునే కాపు ఇళ్లలోకీ లేసు చేరింది.

1978 ప్రాంతంలో జర్మనీ నుంచి మరియా మీస్ అనే సామాజిక శాస్త్రవేత్త వచ్చి ఈ ఊళ్లు తిరిగారు. 1982లో ఆమె పుస్తకం అచ్చయింది. ఇంటిపని కాక రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లితే వచ్చేది సగటున 56 పైసలని అందులో లెక్క తేల్చారు. అప్పటి వ్యవసాయ కూలీ కంటే బాగా తక్కువండీ!

ఎందుకలా? చూడండి, దారం వ్యాపారిది. ఏజెంటు ఇంటికి తెచ్చిస్తాడు, అల్లినది పట్టుకుపోతాడు. పువ్వులు అల్లేది ఒకరు, అతుకుపని చేసేది ఇంకొకరు. పూర్తి వస్తువు ఏ ఒక్కరి చేతిలోనూ ఉండదు, అది ఎంతకి అమ్ముడైందో కూడా తెలీదు. పైగా అందరూ అన్న మాట ఒకటుంది: "ఖాళీగా కూర్చుని చేసే పనే కదా!" ఆ మాటే కూలీని తగ్గించింది. పనిని పని అనకపోతే కూలీ ఎవరు అడుగుతారు?

1946లో అమెరికాకు చెందిన ఎడ్నా రూత్ బైలర్ ప్యూర్టో రికో ఆడవాళ్ల కుట్టుపనిని తన దేశంలో అమ్మడం మొదలుపెట్టారు. న్యాయ వాణిజ్యమనే ఉద్యమానికి అదొక తొలి అడుగు. ఈనాటి దాని నియమాల్లో, హస్తకళల ఆర్డరుకి అడిగితే సగం డబ్బు ముందే ఇవ్వాలని ఉంది. మధ్యవాడి దయ మీద ఆధారపడకుండా ఉండే ఏర్పాటది.

2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. మిషను లేసు దెబ్బకి నిలవాలంటే పేరు కావాలి. కానీ ఆ గుర్తింపు కాపాడేది ఊరి పేరుని. కూలీ రేటు మాట అందులో లేదు. "చేత్తో చేసింది" అని చెప్పి ధర పెంచినప్పుడు, ఆ చేతికి ఎంతిచ్చారో కూడా చెప్పాలి.

మీ ఇంట్లో అమ్మమ్మలు, అత్తలు లేసు అల్లుంటే, గజానికో పువ్వుకో ఎంతిచ్చేవారో ఓసారి అడిగి రాసుకోండి. మన చరిత్రలో ఆ లెక్కే రావలసి ఉంది. ఉంటానండీ.